సమ్మేళనం పోటీల్లో పెన్‌డ్రైవ్ పాట వద్దు

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో పుట్టింది. ఇక్కడ చదివి వెళ్లినవాళ్లలో తాతలైనవాళ్లూ ఉన్నారు, నిన్నగాక మొన్న పట్టా తీసుకున్నవాళ్లూ ఉన్నారు. 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో మొదలైన ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా పాత విద్యార్థులను వెనక్కి పిలుచుకునే వయసుకు వచ్చాయి. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే పగలు సన్మానాలు, ఉపన్యాసాలు, పొద్దుగూకాక విద్యార్థుల సాంస్కృతిక పోటీలు అనేది మన దగ్గర స్థిరపడిపోయిన పద్ధతి. ఆ పోటీల తీరు కూడా అందరికీ తెలిసిందే. నాలుగైదు సినిమా పాటల ముక్కలు అతికించిన పెన్‌డ్రైవ్ సౌండ్ సిస్టమ్ దగ్గరికి వెళ్తుంది. పిల్లలు చెమటోడ్చి ఆడతారు, కానీ హాలంతా వినిపించే గొంతు వాళ్లది కాదు, కొట్టే దరువు వాళ్లది కాదు. ఈ కరపత్రం కోరేది ఒక్కటే. సమ్మేళనం రోజు జరిగే బృంద పోటీల్లో రికార్డు చేసిన పాటను, మాటను, వాద్యాన్ని అనుమతించకూడదు. వినిపించేదంతా వేదిక మీద ఉన్నవాళ్ల గొంతుల నుంచి, చేతుల నుంచి, కాళ్ల నుంచి రావాలి.

ఇది సాధ్యమా అని సందేహించేవాళ్లు ఎండాకాలంలో చిత్తూరు జిల్లా పల్లెల వైపు చూడాలి. ధర్మరాజుల గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు ఒక్కో రోజు నడిచి, చివరికి భారతం మిట్ట మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర కథ ముగుస్తుంది. ఆ సాయంత్రమే భక్తులు నిప్పుల గుండం తొక్కుతారు. తపస్సు రోజు అర్జునుడి వేషగాడు ఆకాశానికి నిలబెట్టిన తపస్సు మాను ఎక్కుతూ మెట్టు మెట్టుకీ పద్యం అందుకుంటాడు. మాను చుట్టూ పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు సాగిలపడి ఉంటారు. అంత ఎత్తున, ఒక చేత్తో మాను పట్టుకుని, గొంతు తగ్గకుండా పాడాలి. హార్మోనియం, మద్దెల, తాళాలు కింద నుంచి అతని ఊపిరిని కనిపెట్టి నడుస్తాయి. అతను ఒక చోట ఆగితే అవీ ఆగుతాయి, సాగదీస్తే సాగుతాయి. రికార్డు పాట మనిషి కోసం ఆగదు. అందుకే దాని ముందు ఆడేవాళ్లకు పరుగే తప్ప నిర్ణయం తీసుకునే చోటు ఉండదు. 1911లో వేరే జిల్లా అయ్యేదాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటులో ఉండేది. అటు తమిళ పల్లెల తెరుక్కూత్తుకూ మన వీధినాటకానికీ ఉన్న చుట్టరికం ఇప్పటికీ కనిపిస్తుంది. సరిహద్దుకు రెండు వైపులా ఇంత సజీవంగా ఉన్న విద్య తిరుపతిలోని విశ్వవిద్యాలయ వేదికకు ఎక్కాలంటే నిబంధనలే దారి ఇవ్వాలి.

పోటీ నిబంధన చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ఏది నేర్చుకోవాలో కుర్రవాళ్లకు చెప్పేది అదే. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు పోటీలు పెట్టడంతో ఊరూరా సమాజాలు కొత్త నాటకాలు రాయించుకున్నాయి, రిహార్సల్ చేశాయి. పరిషత్తు పోటీల కోసమే నాటకాలు రాసే అలవాటు తెలుగులో దశాబ్దాలు నడిచింది. అమెరికాలో పూర్వ విద్యార్థుల పండుగను హోమ్‌కమింగ్ అంటారు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం లాంటి నల్లజాతి విద్యాసంస్థల్లో ఆ వారం జరిగే స్టెప్ షోకి పెద్ద పేరు. అందులో ప్రధాన వాద్యం విద్యార్థుల అరచేతులు, బూటు కాళ్లు, నినాదాలు. పాత విద్యార్థులు దాన్ని చూడటానికి దూరాల నుంచి వస్తారు. వాళ్లకు అది తమ సంఘం చరిత్రలో భాగం. చెక్కభజన, కోలాటం, పండరి భజన ఉన్న మన ప్రాంతానికి ఆ మాత్రం వనరు లేదని ఎవరూ అనలేరు.

సినిమా పాట కూడా మన సంస్కృతే కదా అన్న అభ్యంతరం న్యాయమైనది. సినిమా పాట మీద ఈ కోరికకు వైరం లేదు. ఎవరైనా ఆ పాటను తమ గొంతుతో పాడి, తమ చేత్తో దరువు వేసి ఆడితే అది చక్కగా పోటీకి వస్తుంది. చదువుల మధ్య ఇంత నేర్చుకునే తీరిక ఎక్కడిదని ఇంకొందరు అంటారు. భారతం ఆడే మేళాల్లో చాలామంది పొలం పని, కూలిపని చేసుకుని వచ్చి పాఠం పట్టినవాళ్లే. తెల్లవార్లూ నడిచే నాటకాన్ని వాళ్లు నిలబెడుతున్నారు. మనం అడిగేది పది నిమిషాల ప్రదర్శన. పైగా విశ్వవిద్యాలయాల జాతీయ యువజనోత్సవాల్లో జానపద నృత్యం, జానపద వాద్యబృందం, ఏకాంకిక ఎలాగూ విడివిడి పోటీలుగా ఉన్నాయి. ఇక్కడ చేసిన సాధన అక్కడా అక్కరకొస్తుంది.

వీటికంటే బరువైన ప్రశ్న ఒకటుంది. ఈ కళలకు కులం ఉంది, మొక్కు ఉంది. పలక డప్పు కొట్టినవాళ్లను ఊరి బయట ఉంచిన సమాజం మనది. ఇప్పుడు ఆ పలకను ఏసీ హాల్లో చప్పట్ల కోసం వాడుకుంటే అది మరో అన్యాయం అవుతుంది. అలాగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు కట్టే బైరాగి, తోటి, మాతంగి వేషాలు మొక్కుబడులు. వాటిని మార్కుల పోటీకి తేకూడదని నిబంధనల్లోనే రాయాలి. కథ చెప్పే కళలు, ఆట కళలు మాత్రమే తీసుకోవాలి, అదీ వాటిని బతికిస్తున్న కళాకారుల దగ్గర కూర్చుని, వాళ్లు ఒప్పుకున్న మేరకు. నేర్పినవాళ్లకు శాలువాతో సరిపెట్టకుండా గౌరవవేతనం ఇవ్వాలి. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరు మేళం నుంచి రావాలి, ఆ కుర్చీ ప్రొఫెసర్ల కుర్చీ పక్కనే ఉండాలి. వీధినాటకంలో ద్రౌపది వేషం మగవాళ్లు కట్టడమే ఎక్కువ. మహిళా విశ్వవిద్యాలయం అమ్మాయి ఆ వేషం కట్టి సభలో ధర్మరాజును నిలదీస్తే, ఆ ఘట్టానికి ఇంతవరకూ లేని గొంతు వస్తుంది. కళను ఉన్నదున్నట్టు భద్రపరచాలనేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఈ మార్పు ఒక్కటే చాలు, ఈ పోటీ పెట్టడానికి.

ఖర్చు సంగతి పెద్దది కాదు. చెక్కలు, తాళాలు కొంటే ఏళ్లు వస్తాయి. అద్దె దుస్తులకు, పాటల మిక్సింగ్‌కు ఇప్పుడు పెడుతున్నది గురువుల వేతనానికి మళ్లించవచ్చు, తక్కువైతే పాత విద్యార్థుల సంఘాలు భరించవచ్చు. మేళగాళ్ల నోటుపుస్తకాల్లో మిగిలిన నాటకాల ప్రతులను తెలుగు శాఖ విద్యార్థులు సాపు రాయాలి. తాళపత్రాలను కాపాడుతున్న ప్రాచ్య పరిశోధన సంస్థ శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే ఉంది కనుక వాటికి అక్కడ చోటు అడగాలి. పూర్వ విద్యార్థులారా, ఈసారి ఆహ్వానం అందినప్పుడు వస్తున్నామని జవాబు రాస్తారు కదా, అదే ఉత్తరంలో ఈ నిబంధన కావాలని అడగండి. ఒక మేళం గురువు వేతనానికి మీ వంతు ఎంతో కూడా అందులోనే రాయండి.