యంత్రానికి కొత్త మాటలు

పట్టికను చూసి పనిచేసే అసెంబ్లర్‌కు కొత్త ఆదేశం నేర్పడమంటే పోపుల పెట్టెలో మరో గిన్నె చేర్చడమేనని మేము ఇంట్లో చెబుతుంటాము. ఆదేశం పేరు, సంకేతం, ఆపరాండ్ రకం ఒక వరుసలో వ్రాస్తే చాలు. అసెంబ్లర్ జోలికి పోనక్కరలేదు.

ఇంటెల్ సంస్థ 1980లో 8086కు తోడుగా 8087 అనే గణిత కోప్రాసెసర్‌ను వెలువరించింది. 11011 అను అయిదు బిట్లతో మొదలయ్యే ఆదేశాలన్నీ దాని సొత్తు. 8086 వాటికి కావలసిన చిరునామా మాత్రం లెక్కగట్టి, తన దారిన తాను సాగిపోతుంది. చిక్కంతా అక్కడే.

మేము పట్టికలో ఆ వరుసలన్నీ చేర్చాము. ఒక్కొక్క ఆదేశాన్ని ఆపి ఆపి పరీక్షిస్తే అంతా సవ్యమే. పూర్తి వేగంతో నడిపితే జవాబు తప్పు! సంకేతాలను బిట్టు బిట్టుగా సరిచూచుటలో రెండు రాత్రులు గడిచాయి. వాటిలో దోషమేమీ లేదు. భాగహారానికి 8087 సుమారు 200 క్లాకులు తీసుకుంటుంది. అది ముగియకముందే 8086 తరువాతి ఆదేశాన్ని అందిస్తోంది. ప్రతి సంకేతానికి ముందు 9బి, అనగా ‘వెయిట్’, ఉండవలెను. (80286, 80287 జంటకు ఈ బెడద లేదు.)

పట్టికకు ‘ఆగవలెనా?’ అని మరొక గడి చేర్చాము. ఎఫ్‌ఎన్‌ఇనిట్ వంటి ఆగనక్కరలేని కొన్నింటికి మాత్రమే అది ఖాళీగా మిగిలింది.