ఒక్క లైను చేసిన పని

సంక్రాంతికి తెనాలి వెళ్లాను, అక్కావాళ్లింటికి. బావకి బస్టాండు దగ్గర చిన్న టిఫిన్ హోటలుంది. పొద్దున్న రద్దీ తగ్గాక పెసరట్టు ప్లేటు నా ముందు పెట్టి, తనూ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏమోయ్ ఇంజనీరూ, నువ్వు చేసేది ఆ గూగుల్ పనే కదా. తెనాలిలో టిఫిన్ అని కొడితే మన హోటలు ఫస్టు రావాలి. ఎంతవుతుంది?”

“డబ్బులేం అక్కర్లేదు బావా” అన్నాను. నమ్మలేదు. ఎవరో కుర్రాడు వచ్చి నెలకి ఐదు వేలిస్తే ఫస్ట్ ప్లేసు గ్యారంటీ అన్నాడట. మీకూ ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆయనకి చెప్పిందే మీకూ చెప్తాను. డబ్బు కడితే వచ్చేది ప్రకటన. దాని మీద ‘స్పాన్సర్డ్’ అనే రాసి ఉంటుంది. దాని కింద మామూలుగా వచ్చే వరసలో చోటు కొనుక్కోలేం. ఫస్ట్ ప్లేసు గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సలహాల్లో రాసి పెట్టింది.

ఆ పూటే కూర్చుని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో హోటల్ పేరు, టైమింగ్స్, ఫోన్ నంబరు, పది ఫొటోలు పెట్టాం. ఉచితమే. ఏ ఫొటో పెట్టాలో బావే తేల్చాడు, బావే తీశాడు, బావే ఎక్కించాడు. వెరిఫికేషన్ సంగతి అటుంచితే మొత్తం అరగంట పని.

తిరుగు రైల్లో అదే ఆలోచన. హైదరాబాద్‌లో మా ఆఫీసులో దాదాపు ఇలాంటి పనికే నాకు ఏడు నెలలు పట్టింది. పైగా చివర్లో ఒక పొరపాటు చేశాను. ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ ఈ కాలమ్‌లో రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

ముందు పని సంగతి. ఒక పేజీ గూగుల్‌లో కనబడాలంటే మూడు మెట్లెక్కాలి. మొదట గూగుల్ పంపే క్రాలర్ అనే ప్రోగ్రాం ఆ పేజీ దగ్గరికి రావాలి. చదివాక తన జాబితాలో, అంటే ఇండెక్స్‌లో చేర్చుకోవాలి. ఆ తర్వాతే మనం వెతికినప్పుడు వరసలో ఎన్నోది అన్న ప్రశ్న. జనం అంతా మూడో మెట్టు గురించే మాట్లాడతారు. పెద్ద కంపెనీల్లో గొడవలు ఎక్కువగా మొదటి రెండు మెట్ల దగ్గరే ఉంటాయి. ఈ మూడు మెట్లూ సరిగ్గా ఉండేలా చూడటాన్నే ఎస్ఈవో అంటారు.

మా కంపెనీ ఇంటి సామాన్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. పేరెందుకు లెండి. నాకిచ్చిన ప్రాజెక్టు ఇదీ: “వాషింగ్ మెషిన్‌లోంచి నీళ్లు పోకపోతే ఏం చెయ్యాలి”, “నలుగురున్న ఇంటికి ఎన్ని లీటర్ల ఫ్రిజ్” లాంటి గైడ్ పేజీలన్నీ అప్పటిదాకా వేరే పాత అడ్రసులో ఉండేవి. వాటిని మెయిన్ సైట్‌లోకి మార్చాలి. నన్ను ‘ప్రాజెక్ట్ లీడ్’ అన్నారు. లీడ్ అంటే నా కింద ఎవరో ఉంటారనుకునేరు. ఒక్కరూ లేరు. సర్వర్లు ఒక టీమ్‌వి, డిజైన్ ఒక టీమ్‌ది, రాసేది కంటెంట్ టీమ్, సైట్‌లోకి ఏది ఎప్పుడు వెళ్లాలో చెప్పేది ఇంకో టీమ్. నా చేతిలో ఉన్నది ఒక ఎక్సెల్ షీటూ, మీటింగులు పెట్టే హక్కూ.

సర్వర్ టీమ్ పెద్దాయన మొదటి మీటింగులోనే అడిగేశాడు: “మా దగ్గర ఇప్పటికే మూడు నెలల పనుంది. నీ పని అందులో ఎందుకు దూర్చాలి?” ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు సర్వర్ లాగ్స్ ముందేసుకుని కూర్చున్నాను. రంగు, సైజు, ధర, ‘తక్కువ నుంచి ఎక్కువకి’ అంటూ మనం నొక్కే ప్రతి ఫిల్టరుకీ ఒక కొత్త అడ్రస్ పుడుతోంది. ఉన్నది ఒకటే పేజీ, దానికి వేల అడ్రసులు. గూగుల్ క్రాలరూ, ఇంకో పది రకాల బాట్లూ రాత్రింబవళ్లు వాటినే తిరగేస్తున్నాయి. అసలు పేజీల దాకా రావడానికి వాటికి తీరికే లేదు. ఆ లెక్క తీసుకెళ్లి చూపిస్తే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. అర్ధరాత్రి తనని నిద్ర లేపే సర్వర్ అలర్టుల్లో సగం ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆ వారమే ఫిల్టర్ అడ్రసుల్ని రోబోట్స్ ఫైల్‌లో ఆపేశారు. ఎస్ఈవో అన్న మాట నేను ఎత్తనే లేదు.

డిజైన్ టీమ్‌తో ఇంకో రకం. పేజీ తెరవగానే పైన పెద్ద వీడియో ఆడాలన్నారు. పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. ఆ మాట చెప్తే ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు మా ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ పట్టుకెళ్లి, ఆఫీస్ వైఫై ఆపేసి, మీటింగ్ బల్ల మధ్యలో పెట్టి అదే పేజీ తెరిచాను. తెల్ల స్క్రీన్. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. వీడియో రాకముందే డిజైన్ లీడ్ “సరే, తీసేద్దాం” అంది.

అడ్రస్ మారినప్పుడు పాత ఇంటి తలుపు మీద కొత్త అడ్రస్ చీటీ అంటించి వెళ్తాం చూశారా, వెబ్‌సైట్లకి అదే 301 రీడైరెక్ట్. ఏ పాత పేజీకి దాని కొత్త పేజీ చీటీయే అంటించాలి. అన్నిటినీ తీసుకెళ్లి హోమ్ పేజీలో దింపితే వచ్చినవాడు దారి తప్పుతాడు. ఈ చీటీలు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ సలహా. మా వాళ్లు మూడు నెలలకే తీసేద్దామన్నారు. దాని మీద నాలుగు మీటింగులయ్యాయి. చివరికి ఏడాదికి ఒప్పుకున్నారు.

ఒక మంగళవారం రాత్రి పేజీలన్నీ మార్చేశాం. నేను రాసుకున్న చెక్‌లిస్టులో 41 అంశాలు. నలభై ఒకటికీ టిక్ పెట్టి, సంతకం లాంటి ఈమెయిల్ కొట్టి, తెల్లవారుజామున ఇంటికెళ్లి పడుకున్నాను.

బుధవారం బానే ఉంది. గురువారమూ బానే ఉంది. తర్వాతి సోమవారం నుంచి గైడ్ పేజీలకి వచ్చే జనం తగ్గడం మొదలైంది. సైట్ మారినప్పుడు కొన్నాళ్లు ఒడిదుడుకులు మామూలే, కాబట్టి అందరం ధైర్యంగానే ఉన్నాం. అదే సమయంలో గూగుల్ తన లెక్కలు మార్చుకునే కోర్ అప్‌డేట్ ఒకటి నడుస్తోంది. “అదీ కారణం” అన్నాడు మా మేనేజర్. నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట హాయిగా ఉంది. గూగుల్ మీద తోసేస్తే ఎవరి మీదా తోసినట్టు కాదు.

తోసేసినా బరువు ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆ గైడ్లు రాసేది ఐదుగురు కాంట్రాక్టు రచయితలు. వాళ్ల కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అన్నది ఆ శుక్రవారం మీటింగులో తేలాలి. అందుకు చూసేది ఆ పేజీలకి ఎంతమంది వచ్చారన్న అంకెనే. స్లైడు మీద పెట్టిన పేరు ‘కంటెంట్ పనితీరు’. గీత కిందికి దిగుతోంది.

తొమ్మిదో రోజు, అంటే గురువారం రాత్రి, నిద్రపట్టక లాప్‌టాప్ తెరిచాను. సెర్చ్ కన్సోల్‌లో ఒక్క గైడ్ పేజీ అడ్రస్ వేసి చూశాను. ఇండెక్స్‌లో లేదు. కారణం: నోఇండెక్స్. అంటే “ఈ పేజీని నీ జాబితాలో చేర్చుకోకు” అని మేమే గూగుల్‌కి చెప్తున్నాం. పేజీ కోడ్ అంతా వెతికాను, అందులో ఆ మాట లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట పేజీలోనే ఉండక్కర్లేదు. పేజీతోపాటు సర్వర్ పంపే హెడర్‌లో ఉన్నా చాలు. చూశాను, ఉంది. ఒక్క లైను. పేజీల్ని పరీక్షించే టెస్ట్ సర్వర్ బయటివాళ్లకి కనబడకూడదని అక్కడ పెట్టుకున్న సెట్టింగు, మార్చే రోజు మిగతావాటితోపాటు అసలు సైట్‌లోకి వచ్చేసింది. క్రాలర్ ఒక్కో పేజీకి వచ్చి ఆ లైను చదివినప్పుడల్లా ఆ పేజీని జాబితాలోంచి తీసేస్తూ పోయింది. అందుకే ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తగ్గింది.

నోఇండెక్స్ ఉందా లేదా చూడటం నా చెక్‌లిస్టులో ఉంది. పద్దెనిమిదో అంశం. కానీ నేను రాసిన స్క్రిప్టు పేజీ కోడ్‌లో మాత్రమే వెతుకుతుంది, హెడర్ చూడదు. ఆ సెట్టింగు తెచ్చింది వేరే టీమ్. దాన్ని పట్టుకోవాల్సింది మాత్రం నేను.

సర్వర్ టీమ్ పెద్దాయనకి ఫోన్ చేశాను. తిట్టలేదు. పది నిమిషాల్లో ఆ లైను తీసేశారు. ఆ కంగారులో ఒకబ్బాయి “ముందు రోబోట్స్ ఫైల్‌లో ఆపేద్దామా?” అన్నాడు. వద్దన్నాను. అక్కడ ఆపేస్తే క్రాలర్ లోపలికే రాదు. లోపలికి రాకపోతే నోఇండెక్స్ తీసేశామని దానికెలా తెలుస్తుంది? సైట్‌మ్యాప్ మళ్లీ పంపి, అది తిరిగి వచ్చేదాకా ఎదురు చూడటమే.

శుక్రవారం పొద్దున్నే మేనేజర్‌కి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, “ఫిక్స్ అయిపోయింది కదా. మీటింగ్‌లో ఎత్తడం అవసరమా?” అన్నాడు. చెడ్డవాడు కాదు. అది అప్రైజల్ నెల. నన్ను కాపాడాలనే అన్నాడు. నాకూ ఊళ్లో నాన్న కట్టుకుంటున్న ఇంటికి ప్రతి నెలా కట్టాల్సిన వాయిదా ఉంది. “చెప్తాను సార్” అన్నాను. గొంతు ఎండిపోయింది.

మీటింగ్‌లో ఆ స్లైడు రాగానే చెయ్యెత్తాను. “ఈ అంకెలకీ రచనకీ సంబంధం లేదు. తప్పు మా వైపు జరిగింది. నా చెక్‌లిస్టులో పట్టుకోవాల్సింది, పట్టుకోలేకపోయాను” అని రెండు నిమిషాల్లో చెప్పేశాను. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ అరవలేదు. డైరెక్టర్ రెండు ప్రశ్నలడిగాడు. ఏ రోజు నుంచి? మళ్లీ జరగదని ఎలా తెలుస్తుంది? కాంట్రాక్టుల సంగతి ఆరు వారాలకి వాయిదా వేశారు.

రెండో ప్రశ్నకి జవాబుగా ఆ తర్వాతి వారమే ఆ పరీక్షని రిలీజ్ పైప్‌లైన్‌లో పెట్టించాను. ఇప్పుడు హెడర్‌లో గానీ పేజీలో గానీ నోఇండెక్స్ ఉంటే ఆ కోడ్ సైట్‌లోకి వెళ్లనే వెళ్లదు. మనిషి టిక్ పెట్టే చెక్‌లిస్టు తెల్లవారుజామున రెండింటికి నిద్రపోతుంది, మెషిన్ నిద్రపోదు. మీ ఆఫీసులోనూ ఇలాంటి మార్పు జరగబోతుంటే ఈ ఒక్కటి చేయించండి. ఇంకోటి, మార్చిన మర్నాటి నుంచే రోజూ ఓ ఇరవై పేజీలు ఏరుకుని, ఇండెక్స్‌లో ఉన్నాయో లేదో చేత్తో చూడండి. నేను అలా చూసి ఉంటే తొమ్మిది రోజులు పట్టేది కాదు. మొత్తం గ్రాఫు చూస్తూ కూర్చుంటే ఆలస్యంగా తెలుస్తుంది.

ఆరో వారానికి గైడ్లకి వచ్చే జనం పాత స్థాయికి చేరారు. తర్వాత కొంచెం దాటారు కూడా. ఐదుగురిలో నలుగురికి కాంట్రాక్టు పొడిగించారు. ఐదో అమ్మాయి అప్పటికే వెళ్లిపోయింది. అంకెలు బాలేవన్న మాట చెవిన పడగానే వేరే ఉద్యోగం చూసుకుందట. వాషింగ్ మెషిన్ పేజీలు రాసింది తనే. ఇవాళ్టికీ మా గైడ్లన్నిటిలో ఎక్కువమంది చదివేది ఆ పేజీయే. నా రేటింగు ఆ ఏడాది ఒక మెట్టు తగ్గింది. అందుకేనని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు.

పోయిన ఆదివారం బావ ఫోన్ చేశాడు. “కొత్త ముఖాలు వస్తున్నాయోయ్. కానీ ఎవడో చట్నీ నీళ్లలా ఉందని రాశాడు. అది తీయించే దారేమన్నా ఉందా?”

“రాసింది అబద్ధమా బావా?”

కాసేపు మాట్లాడలేదు. “లేదులే. ఆ రోజు కొబ్బరి తక్కువైంది.”

“అదే రాయి మరి, కింద జవాబుకి చోటుంటుంది.”

రాశాడు. నిన్న చూశాను. “ఆ రోజు మాదే పొరపాటండీ, ఈసారి వచ్చి చూడండి” అని ఉంది. ఏడు నెలల ప్రాజెక్టులో నేను నేర్చుకున్నదాన్ని ఆయన ఒక్క లైనులో రాసేశాడు.