విదేశయాత్ర క్షేమమేనా?

ప్రశ్న : మా అత్తగారికి 67 ఏళ్లు. పదేళ్లుగా షుగరు, బి.పి. ఉన్నాయి. మూడేళ్ల క్రితం గుండెకు స్టెంటు వేశారు. మోకాళ్ల నొప్పులున్నా ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు కొండ ఎక్కుతారు. జెరూసలేం చూడాలన్నది ఆవిడ చిరకాల కోరిక. మా పేటవాళ్లు కొందరు పది రోజుల యాత్రకు పేర్లిస్తున్నారు. జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు తిప్పుతారట. మావారు “అక్కడ యుద్ధాలు, వద్దు” అంటారు. ఆవిడ “దేవుడి దగ్గరికి వెళ్లేవాళ్లకు భయమేమిటి?” అంటారు. ఆ దేశాలు క్షేమమేనా? పంపవచ్చా?
— ఒక సోదరి, గుణదల

జవాబు : ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచు వస్తున్నాయి. ఒకప్పుడు జెరూసలేం యాత్ర డబ్బున్నవాళ్లకే పరిమితం. ప్రభుత్వ సాయం మొదలయ్యాక మధ్యతరగతి కుటుంబాల పెద్దవాళ్లు కూడా బయలుదేరుతున్నారు. 2019 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం, ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉన్న యాత్రికులకు ఇచ్చే సాయాన్ని 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. వెళ్లేవారిలో చాలామంది మీ అత్తగారి వయసువారే. అంచేత కాస్త వివరంగానే జవాబు రాస్తున్నాను.

“ఆ దేశం క్షేమమేనా?” అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్కమాటలో చెప్పడం కుదరదు. పాతికేళ్ల కుర్రవాడికి క్షేమమైన చోటు, స్టెంటు వేసిన 67 ఏళ్ల ఆవిడకు కాకపోవచ్చు. ఏ దేశం అన్నదొక్కటే చాలదు. ఆ దేశంలో ఏ ప్రాంతం, ఏ నెల, ఎన్నాళ్లు, ఎవరు వెళుతున్నారు అన్నవి కూడా చూడాలి. మీవారి భయంలో నిజం ఉంది. కాని యుద్ధం ఒక్కటే చూస్తే సరిపోదు. విదేశాలకు వెళ్లినవారు అక్కడ చనిపోవడానికి ముఖ్య కారణాలు గుండెజబ్బులు, రోడ్డు ప్రమాదాల వంటివి. కొత్త దేశపు అంటురోగాల వల్ల పోయేవారు చాలా తక్కువ.

యుద్ధభయం సంగతి

ముందు మీవారి అనుమానమే తీసుకుందాం. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద దాడి జరిగి యుద్ధం మొదలైనప్పుడు, మన ప్రభుత్వం “ఆపరేషన్ అజయ్” పేరుతో విమానాలు పంపి మనవాళ్లను వెనక్కి తెచ్చింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పోరు జరిగినప్పుడు ఆ దేశపు ఆకాశమార్గం మూసేశారు. అక్కడున్న మనవాళ్లను “ఆపరేషన్ సింధు” కింద రోడ్డుమీద జోర్డాన్‌కు, ఈజిప్టుకు దాటించి అక్కడినుంచి విమానం ఎక్కించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అది కష్టమైన ప్రయాణం. ఇన్సులిన్ వేసుకునే మనిషికైతే నాలుగు రోజులు ఎక్కువ ఉండవలసి వచ్చినా ప్రాణం మీదికి వస్తుంది. అంచేత అలాంటివారు పదిరోజుల యాత్రకు ఇరవై రోజుల మందులు పట్టుకెళ్లాలి.

ఈ వ్యాసం మీరు చదివేనాటికి అక్కడి పరిస్థితి మారవచ్చు. టీవీలో విన్నదీ, ప్రయాణం ఏర్పాటు చేసేవాళ్లు చెప్పిందీ నమ్మి నిర్ణయించుకోకండి. మన విదేశాంగ శాఖ ప్రకటనలు చూడండి. టెల్ అవీవ్, అమ్మాన్, కైరోలలో మన రాయబార కార్యాలయాలున్నాయి. వాటి ప్రకటనలూ చూడండి. డబ్బు కట్టేముందు ఒకసారి, బయలుదేరే వారంలో మరొకసారి చూడాలి. ఆ ప్రకటన ఏ తేదీది, ఏ ప్రాంతం గురించి, ఏ కారణం చెప్పింది అన్న మూడూ గమనించాలి.

అమెరికా ప్రభుత్వం 2018 నుంచి ఒక్కొక్క దేశానికి 1 నుంచి 4 వరకు మెట్లు కట్టి తన పౌరులను హెచ్చరిస్తోంది. నాలుగో మెట్టంటే వెళ్లవద్దని అర్థం. మన దేశాన్ని కూడా రెండో మెట్టులో పెట్టి, జాగ్రత్తగా ఉండండని వాళ్ల పౌరులకు చెప్పిన సందర్భాలున్నాయి. అంతమాత్రాన విజయవాడలో వీధిలోకి రావడానికి మనం భయపడుతున్నామా? దేశానికంతటికీ కలిపి ఇచ్చిన అంకె చూసి బెదరకూడదు, ధైర్యపడనూ కూడదు. మీ యాత్ర ఏ ఊళ్లమీదుగా సాగుతుందో ఆ ఊళ్ల గురించి ఏం రాశారో చదవాలి. బెత్లెహేము వెస్ట్ బ్యాంకు ప్రాంతంలో ఉంది. ఇలాంటి ప్రకటనల్లో ఆ ప్రాంతం గురించి విడిగా ఉంటుంది.

ఈజిప్టులోని సీనాయి ప్రాంతం సంగతీ అంతే. 2014 ఫిబ్రవరి 16న అక్కడి సెయింట్ కేథరిన్ మఠం చూసి వస్తున్న కొరియా క్రైస్తవ యాత్రికుల బస్సులో తాబా దగ్గర బాంబు పేలింది. ముగ్గురు కొరియన్లు, బస్సు డ్రైవరు చనిపోయారు. అటు తిప్పే యాత్రలో చేరేముందు ఆ దారి గురించి విడిగా విచారించాలి.

కొండ ఎక్కగలిగితే చాలా?

ఇక మీ అత్తగారి ఆరోగ్యం. గుణదల కొండ ఎక్కుతున్నారంటే సంతోషమే. కాని అది ఏడాదికి ఒక రోజు. మధ్యలో ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడ కూర్చుంటారు. పక్కన ఇంటివాళ్లు ఉంటారు. యాత్రలో అలా కాదు. తెల్లవారుజామునే లేవాలి, బస్సు ఎక్కాలి దిగాలి, గుంపుతోపాటు నడవాలి. ఇలా పదిరోజులు వరసగా జరుగుతుంది. జెరూసలేం పాతపట్నం నిండా నున్నగా అరిగిన రాతిమెట్లే. జోర్డాన్‌లోని పెట్రాలో టికెట్లిచ్చే చోటునుంచి మొదటి పెద్ద కట్టడం చేరడానికే సుమారు 2 కిలోమీటర్లు నడవాలి. సీనాయి కొండ 2,285 మీటర్ల ఎత్తు. అర్ధరాత్రి వేళ చలిలో బయలుదేరి ఎక్కుతారు. స్టెంటు వేసి మోకాళ్లు నొప్పి పెడుతున్న మనిషి ఆ కొండ జోలికి పోకూడదు. కింద మఠం దర్శించుకుంటే చాలు.

ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయండి. యాత్రలో వేసుకోబోయే బూట్లతోనే మీ అత్తగారిని వరసగా మూడు రోజులు, ఉదయం రెండు, సాయంత్రం రెండు కిలోమీటర్లు నడిపించండి. గుండెలో బరువుగా ఉన్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపించి డాక్టరుకు చూపించండి. ఏ ఇబ్బందీ లేకపోయినా గుండె డాక్టరు ఒకసారి పరీక్ష చేసి “వెళ్లవచ్చు” అని చెప్పాలి. షుగరు అదుపులో ఉందో లేదో మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష చేయించండి. స్టెంటుకిచ్చిన రక్తం పలచబరిచే మాత్రలు ప్రయాణం పేరుతో ఒక్కరోజు కూడా మానకూడదు.

ఎండ, నీళ్లు, పాదాలు

“బెజవాడ ఎండలు చూసినవాళ్లం, అక్కడి ఎండ ఓ లెక్కా?” అంటుంటారు. ఇది పొరపాటు. మనకిక్కడ ఉక్కపోతకు చెమట కారుతుంది, దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం. యెరికో, మృతసముద్రం వైపు వేసవిలో 40 డిగ్రీలు దాటే పొడి ఎండ. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గుతున్నట్టే తెలియదు. బి.పి.కి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఇది మరీ ప్రమాదం. అంచేత జూన్ నుంచి సెప్టెంబరు వరకు వద్దు. జనవరిలో జెరూసలేంలో చలి, వాన, ఒక్కోసారి మంచు కూడా పడుతుంది. మార్చి ఆఖరు, ఏప్రిల్, లేదంటే అక్టోబరు ఆఖరు, నవంబరు పెద్దవాళ్లకు అనువైన కాలం.

మృతసముద్రంలో మనిషి తేలుతాడు కాబట్టి భయం లేదనుకుంటారు. ఆ నీళ్లు నాలుగు గుటకలు లోపలికి పోతే రక్తంలో లవణాలు తారుమారై గుండె లయ తప్పవచ్చు. మీ అత్తగారు మోకాళ్లలోతు వరకే దిగాలి, అదీ ఒకరు చెయ్యి పట్టుకుంటేనే. ఒడ్డున గడ్డకట్టిన ఉప్పు గాజుపెంకులా కోస్తుంది. షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవారికి తెగినట్టే తెలియదు. అక్కడ చెప్పులు విప్పకూడదు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూడమని తోడు వెళ్లేవారికి చెప్పండి.

యోర్దాను నదిలో మునగడం, ఆ నీళ్లు సీసాల్లో తేవడం మామూలే. దిగువన ఆ నది బాగా కలుషితమైంది. మునిగేటప్పుడు నోరు గట్టిగా మూసుకోవాలి. ఇంటికి తెచ్చిన నీళ్లు ప్రార్థన గదిలో ఉంచుకోండి. పసిపిల్లల నోట్లో మాత్రం పోయకండి.

ఈజిప్టులో సీలు వేసిన సీసానీళ్లే తాగాలి. ఐసు, తొక్క తీయకుండా తినే పచ్చికూరలు వద్దు. విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకోవాలి. టైఫాయిడ్, హెపటైటిస్-ఎ, ఫ్లూ, ధనుర్వాతం టీకాల గురించి కనీసం నెల ముందు మీ డాక్టరును అడగండి. ఎల్లో ఫీవర్ టీకా, మన దేశంనుంచి నేరుగా ఈ మూడు దేశాలకు వెళ్లేవారికి అక్కరలేదు. కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశాలకు వెళ్లేవారికి కావాలి. అది ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. టీకా వేయించుకున్న పది రోజులకుగాని ఆ సర్టిఫికెట్ చెల్లదు.

పెట్టెలో ఏముంది?

మోకాళ్ల నొప్పులకు చాలామంది వాడే ట్రమడాల్ మాత్రల గురించి ఒక హెచ్చరిక. ఈజిప్టులో వాటిమీద కఠినమైన ఆంక్షలున్నాయి. 2017లో ఒక బ్రిటిష్ మహిళ వాటిని పెట్టెలో తీసుకెళ్లినందుకు అక్కడి కోర్టు మూడేళ్ల జైలుశిక్ష వేసింది. మీ అత్తగారి నొప్పి మాత్రల్లో ట్రమడాల్ ఉందేమో చూసి, ఉంటే డాక్టరును అడిగి ముందే మార్పించండి. దుబాయి మీదుగా వెళ్లే విమానమైతే వంటపొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి. మనకది మసాలా దినుసు, అక్కడ నిషేధించిన మత్తుపదార్థం.

ఇన్సులిన్, గుండె మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల అరలో వేసే పెట్టె దారి తప్పవచ్చు, చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడు కావచ్చు. మందుల అసలు పేర్లతో డాక్టరు సంతకం చేసిన చీటీ రెండు కాపీలు ఉంచుకోండి. అక్కడ గడియారం మనకంటే రెండున్నర నుంచి మూడున్నర గంటలు వెనక. మందుల వేళ మరీ తారుమారు కాదు. కాని బస్సులో భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చక్కెర బిళ్లలు, బిస్కట్లు జేబులోనే పెట్టుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. ఆ దేశాల్లో బళ్లు కుడివైపు నడుస్తాయి. రోడ్డు దాటబోతూ మనం అలవాటుగా ముందు కుడివైపు చూస్తాం. అక్కడ బండి ఎడమనుంచి వస్తుంది.

ఇన్సూరెన్సు, ఏజెంటు

ఇన్సూరెన్సు కాగితంలో షుగరు, బి.పి., స్టెంటు సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం తగ్గుతుందని దాచితే, తీరా ఆసుపత్రిలో చేరాక కంపెనీ డబ్బు ఇవ్వదు. చాలా పాలసీలు యుద్ధం వల్ల కలిగే నష్టానికి వర్తించవు. ప్రభుత్వం వద్దన్న చోటికి వెళితే చెల్లని పాలసీలూ ఉన్నాయి. యాత్ర ఏర్పాటు చేసేవారిని మూడు ప్రశ్నలు అడిగి జవాబులు కాగితం మీద తీసుకోండి. పరిస్థితి చెడితే డబ్బు ఎంత తిరిగి ఇస్తారు? ఆకాశమార్గం మూసేస్తే ఎలా వెనక్కి తెస్తారు? ఎవరికైనా జబ్బు చేస్తే గుంపు ముందుకు పోయినా ఆసుపత్రిలో తోడు ఎవరుంటారు? “అన్నీ మేం చూసుకుంటాం” అని మాత్రమే అనేవారికి డబ్బు కట్టకండి.

నా సలహా

గుండె డాక్టరు సరే అనాలి. నడక పరీక్షలో ఇబ్బంది కనపడకూడదు. మన విదేశాంగ శాఖ ఆ ప్రాంతాలకు వెళ్లవద్దని చెప్పి ఉండకూడదు. కొడుకో, కూతురో, మీరో ఒకరు తోడు వెళ్లాలి. ఈ నాలుగూ కుదిరితే, సీనాయి కొండ మానేసి, చల్లని నెలల్లో మీ అత్తగారిని నిరభ్యంతరంగా పంపవచ్చు. నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా ఈ విడత వాయిదా వేయండి. వాయిదా అంటే ఆవిడ కోరిక కాదన్నట్టు కాదని మీవారిచేత నెమ్మదిగా చెప్పించండి. ఈలోగా షుగరు అదుపులో పెట్టి, రోజూ నడిపిస్తూ ఉంటే, వచ్చే విడతకు ఆవిడ ఇంకా బలంగా బయలుదేరవచ్చు.