తెరమీది ఆనవాలు



గతమాసమున ఈ శీర్షిక క్రింద ఇంటి పద్దులను కంప్యూటరులో వ్రాసికొను విధమును ముచ్చటించితిని. దానిని చదివి యొక సోదరి యుత్తరము వ్రాసినది. "తెరపై కనబడినదానిని ఫోనుతో ఫోటో తీసి దాచుకొనుచున్నాను. అది మసకగా వచ్చుచున్నది. నా ముఖమును, వెనుకనున్న కిటికీయు నందులో బడుచున్నవి. వేఱు మార్గము లేదా?" అని యామె ప్రశ్న. మార్గమున్నది. దానికై యేమియు కొననక్కఱలేదు. సాధనము మీ కంప్యూటరులోనే యున్నది. తెరపైనున్నదానిని ఉన్నదున్నట్లు బొమ్మగా పట్టియుంచుటను స్క్రీన్‌షాట్ అందురు. నేను దీనిని నేర్చికొన్న కథ సంతోషకరమైనది కాదు. అయినను చెప్పెదను.

కొన్నియేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి యొక ప్రవేశపరీక్షకు దరఖాస్తు పెట్టవలసివచ్చెను. అది గడువునకు చివరిదినము. మావారు బడిలో నుండిరి. నేనే కూర్చుండి వివరములన్నియు నింపి ఫీజు చెల్లించితిని. బ్యాంకు ఖాతానుండి సొమ్ము పోయినట్లు ఫోనునకు సందేశము వచ్చినది. తెరపై మాత్రము ఏదియో పొరపాటు జరిగినదనియు, ఫలాని సంఖ్యను దెలిపి విచారించుకొనవలసినదనియు రెండు పంక్తులు కనబడినవి. నాకు కాళ్లు చేతులు ఆడలేదు. ఆ పుటను మూసి మరల తెఱచిన సరియగునేమో యని మూసివేసితిని. సరియగుట యటుండ, ఆ సంఖ్యయు పోయినది.

మఱునాడు మావారు ఆ కార్యాలయమునకు ఫోను చేయగా "సంఖ్య యెంత?" అని యడిగిరట. మూసివేసితిమనగా "మీ దరఖాస్తు మా లెక్కలో లేదు. మీరు చూచినదానికి ఆధారమేమి?" అనిరట. సొమ్ము వారమునకు తిరిగి ఖాతాలో బడినది. గడువు తిరిగి రాలేదు. ఆ యేడు అమ్మాయి పరీక్ష వ్రాయలేదు. అది నన్నొక్క మాటయు ననలేదు. అనియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది. నిండుకొలువులో శకుంతల ఉంగరమునకై వ్రేలు తడవికొన్న ఘట్టమును మా నాయనగారివద్ద చిన్నతనమున చదివితిని. అప్పుడు కన్నీరు పెట్టుకొంటినే గాని, అది నా యింట జరుగునని యెఱుగను.

ఆ రాత్రి భోజనములైన పిదప మావారు నన్ను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, "ఈ మీటపై నేమున్నదో చదువుము" అనిరి. ప్రింట్ స్క్రీన్. ఎన్నియేండ్లనుండియో నేను గుడ్డతో దుమ్ము తుడుచుచున్న మీటయే!

విండోస్ కంప్యూటర్లలో ఈ మీట సాధారణముగా పైవరుసలో కుడివైపున నుండును. పేరును కుదించి వ్రాసియుందురు గనుక వెదకవలసివచ్చును. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ అను మీటతో గలిపి నొక్కవలయును. పూర్వపద్ధతిలో దీనిని నొక్కినచో తెరపై నేమార్పును గనబడదు. నేను పదిమార్లు నొక్కి, మీట చెడినదనుకొంటిని. బొమ్మ క్లిప్‌బోర్డు అను కనబడని పలకమీదికి పోవును. పెయింట్ అను దానిని తెఱచి, కంట్రోల్ మీటతో 'వి' నొక్కినచో నందు దిగును. అప్పుడు భద్రపఱచుకొనవలయును. ఈలోపల మఱియేదైన కాపీ చేసితిమా, పలకమీద క్రొత్తది చేరి మొదటిది మఱుగుపడును. విండోస్ 11లో ఇటీవల నీ మీటను నొక్కగనే స్నిప్పింగ్ టూల్ అను సాధనము తెఱచుకొనునట్లు మార్చినారు. కావున మీ యింట నొకరీతిగను, మీ వదినగారింట మఱియొకరీతిగను జరిగిన కలవరపడకుడు.

నాకు మిగుల నచ్చినది విండోస్ మీటను నొక్కిపట్టి ప్రింట్ స్క్రీన్ నొక్కుట. తెర యొక్క క్షణము మసకబారును. అంతలో బొమ్మ పిక్చర్స్ అను ఫోల్డరులోని స్క్రీన్‌షాట్స్ అను నఱలో తనంతట తానే చేరును. కంగారులో నున్న మనుష్యునకు నింతకంటె వేఱేమి కావలయును? ఆల్ట్ మీటతో ప్రింట్ స్క్రీన్ నొక్కినచో మీరు పనిచేయుచున్న కిటికీ యొక్కటియే పలకమీదికి పోవును.

తెరలో కొంతభాగమే కావలసినచో విండోస్, షిఫ్ట్, ఎస్ అను మూడు మీటలను గలిపి నొక్కుడు. తెర చీకటిపడును. మౌసుతో కావలసినమేరకు గీత గీసి విడువుడు. వంటకముల పట్టికలో మీకు వలసిన నాలుగు పంక్తులు మాత్రము పుట్టింటికి పంపుట కిది చక్కని యుపాయము. విండోస్ 11లో ఈ ముక్క పలకమీదికి పోవుటయే గాక ఫోల్డరులోను నిలుచును. విండోస్ 10లో మూలను గనబడు చిన్న చీటీని నొక్కి, మీరే భద్రపఱచుకొనవలయును. మౌసు కదలింపగనే మాయమగు పట్టికలను పట్టుటకు స్నిప్పింగ్ టూల్‌లో 3, 5, 10 సెకండ్ల ఆలస్యము పెట్టుకొను వీలును గలదు.

మ్యాక్ కంప్యూటరున్నవారు కమాండ్, షిఫ్ట్, 3 నొక్కిన తెరయంతయు, 4 నొక్కిన కోరినంత భాగమును వచ్చును. ఆ బొమ్మలు మామూలుగా డెస్క్‌టాపు మీదనే యుండును.

రసీదుల విషయమున ముక్కను గాక తెరనంతయు పట్టుడు. పైన పుట చిరునామాయు, క్రింద గడియారమును, తేదీయు పడవలయును. ఏ దినమున నేగంటకు చూచితిమో తెలియనిచో వాదమునకు బలము తక్కువ. బొమ్మను మార్చి మోసగించువారును గలరు గనుక దీనినే తుదిసాక్ష్యముగా నన్ని కార్యాలయములు నంగీకరింపవు. అయినను సంఖ్య మన చేతిలో నుండును గదా. పుట పొడవైనచో తెరపై గనబడినంతవఱకే పడును. అట్టిదానికి కంట్రోల్‌తో 'పి' నొక్కి పీడీఎఫ్‌గా భద్రపఱచుకొనుట మేలు.

ఇంకొక మాట. మా పొరుగింటి పిన్నిగారు విద్యుచ్ఛక్తి బిల్లు కట్టిన పుటను బంధువర్గమున కందఱకు పంపిరి. అందులో బ్యాంకు ఖాతా సంఖ్యయు నున్నది! పంపుటకు ముందు మూలమూలలు చూడవలయును. ఫోనులో నెవరో తీయని మాటలతో "తెర బొమ్మ తీసి పంపుడమ్మా" అన్నచో, ఓటీపీ గాని ఆధార్ సంఖ్య గాని యున్నది పంపకుడు. కత్తిరించితిమి గదా యని ధైర్యపడుటయు తగదు. విండోస్ 11లోని స్నిప్పింగ్ టూల్‌తో బొమ్మను కత్తిరించి పాత ఫైలుమీదనే భద్రపఱచినచో, కత్తిరించిన భాగము కొంత ఫైలులోనే దాగియుండుట 2023 మార్చిలో బయలుపడినది. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్‌వారు దానిని సరిదిద్దిరి. నేను మాత్రము నాటినుండి కత్తిరించుట మాని, కావలసినంతమేరకే క్రొత్తగా పట్టుచున్నాను. సంఖ్యను మఱుగుపఱచునపుడు పలుచని రంగుకలము చాలదు. దట్టమైన నలుపే పూయవలయును.

ఇక, ఒకరు నమ్మి వ్రాసిన మాటలను పటము తీసి పదిమందికి చూపుట యను వేడుక కొన్ని యిండ్లలో నున్నది. తోడికోడండ్ర నడుమ నెన్ని మాటలు దీనివలన నాగిపోయినవో నేనెఱుగుదును. దానిని గుఱించి నన్నుపాయ మడుగకుడు.

మఱుసటియేడు అమ్మాయి తన దరఖాస్తును తానే పెట్టుకొన్నది. నేను వంటయింటి గుమ్మమువద్ద గరిటె చేతబట్టుకొని నిలుచుంటిని. "అయినదమ్మా" అని లేచిపోయిన తరువాత ఫోల్డరును తెఱచి చూచితిని. పదునొకండు బొమ్మలున్నవి. పదునొకండును ఆ యొక్క రసీదు పుటవే.