మ్యూట్ నొక్కితే పోయే దెయ్యం

దెయ్యాన్ని వదిలించడానికి మా ఇంట్లో వేపమండలు అక్కర్లేదు, రిమోట్ చాలు. మొన్న సెలవులకు వచ్చిన మా అన్నయ్య కూతురు టీవీలో 'విరూపాక్ష' చూస్తూ దిండు చాటుకు నక్కింది. వేళ్ల సందులోంచి చూపు మాత్రం తెర మీదే. జాలేసి మ్యూట్ నొక్కాను. అజనీష్ లోకనాథ్ సంగీతం ఠక్కున ఆగిపోయింది. అదే ఊరు, అదే చీకటి. కానీ పరుగెత్తేవాళ్లు ఆఖరి బస్సు అందుకోవడానికి పరుగెడుతున్నట్టున్నారు. జుట్టు విరబోసుకున్న ఆవిడ తలంటుకుని ఆరబెట్టుకుంటున్నట్టుంది. పిల్ల దిండు పక్కన పడేసి ఫక్కున నవ్వింది.

నేను దేవుణ్నీ దెయ్యాన్నీ నమ్మను. దెయ్యం సినిమా వస్తే మాత్రం మొదటిరోజు సెకండ్ షోకి పోతాను, అదీ ఒక్కణ్నే. ఈ రెండూ ఎలా పొసగుతాయని మిత్రులు ఎకసెక్కం చేస్తుంటారు. తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కినవాడు నిజంగా ఆకాశంలోకి పోతున్నానని నమ్మాలా ఏమిటి? కడుపులో తిప్పినందుకే టిక్కెట్టు. కాబట్టి నా పేచీ దెయ్యంతో కాదు. దెయ్యం లేదనే మనిషినొకణ్ని కథలోకి తెచ్చి, వాడితో ఆడే తొండాటతో.

ఆ మనిషి మీకూ తెలిసినవాడే. డాక్టరో, ఎస్సైయో, పట్నం నుంచి వచ్చిన కుర్రాడో. మొదటి అరగంటలో 'ఈ కాలంలో కూడా ఇవన్నీ ఏమిటండీ' అంటాడు. ఇంటర్వెల్ లోపు చచ్చిపోతాడు, లేదా రెండో సగంలో నుదుట విభూతితో కనిపిస్తాడు. పాపం, ఎలా గెలుస్తాడు? సాక్ష్యం పుట్టించేదీ, తీర్పు చెప్పేదీ ఒకే కథకుడు. పేకముక్కలన్నీ ఎదుటివాడి చేతిలోనే ఉన్న ఆట అది.

మన తెర మీద ఎప్పుడూ ఇంతే అనుకుంటే పొరపాటు. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన 'మణిచిత్రత్తాళు'లో దెయ్యం అనుకున్నది దెయ్యం కాదు, ఒక ఇల్లాలి మనసులోని గాయం. ఆ కథే 2005లో పి.వాసు చేతిలో 'చంద్రముఖి' అయి మన ఊళ్లలోనూ ఆడింది. అందులో రజనీకాంత్ మంత్రగాడు కాదు, మానసిక వైద్యుడు. ఆ వైద్యం తీరు మీద ఏ సైకియాట్రిస్టూ సంతకం పెట్టడనుకోండి. ఆ ఇంట్లో అంత పెద్ద పాము ఎందుకుందో కూడా ఇప్పటికీ ఎవరికీ అంతుబట్టలేదు. అయినా తలుపు తీసి లోపల ఎవరూ లేరని చూపించిన సినిమా అది. అదే దర్శకుడు 2023లో 'చంద్రముఖి 2' తీశాడు. ఈసారి తలుపు తీస్తే నిజంగానే దెయ్యం ఉంది!

'కార్తికేయ'దీ అదే దారి. 2014లో వచ్చిన మొదటి భాగంలో హీరో వైద్య విద్యార్థి. గుడి చుట్టూ జరిగే పాముకాటు చావుల వెనక మనిషి చెయ్యి ఉందని తవ్వి తీస్తాడు. 2022 నాటి రెండో భాగానికి కుర్రాడు డాక్టరయ్యాడు. చదువు పెరిగింది, అనుమానం తరిగింది. కృష్ణుడి కాలి కడియం వెతుక్కుంటూ ద్వారక నుంచి హిమాలయాల దాకా పోయి, ఇది పురాణం కాదు చరిత్ర అనే మాటకు తలూపి వస్తాడు. సినిమా ఉత్తరాదిలో విరగబడి ఆడింది.

ఇక 'విరూపాక్ష'. 2023లో నాకు నచ్చిన సినిమాల్లో అదొకటి, నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినదీ అదే. కథ 1979లో రుద్రవనంలో మొదలవుతుంది. ఊళ్లో పిల్లలు చనిపోతుంటారు. క్షుద్రపూజలు చేస్తున్నారన్న అనుమానంతో భార్యాభర్తలిద్దర్ని జనం చెట్టుకు కట్టేసి సజీవంగా తగలబెడతారు. చూస్తున్నవాడికి ఒళ్లు గగుర్పొడుస్తుంది, అది దెయ్యం వల్ల కాదు. నిన్నటిదాకా పలకరించుకున్న మనుషులే గుంపుగా మారే తీరు వల్ల. అక్కడ ఆగి ఆ గుంపు మొహాల్లోకి చూసి ఉంటే గొప్ప సినిమా అయ్యేది. కానీ చనిపోతూ పెట్టిన శాపం పుష్కరకాలం తిరిగేసరికి, అంటే 1991లో, పనిచేయడం మొదలెడుతుంది. క్షుద్రవిద్య నిజమేనని తేలుతుంది. తగలబెట్టడం తప్పంటూనే, తగలబెట్టినవాళ్ల భయం సబబేనని సినిమా వాళ్లకు చీటీ రాసిచ్చినట్టయింది.

తెలంగాణ జిల్లా పేజీలు చదివేవాళ్లకు 'మంత్రాల నెపంతో' అనే మాట కొత్త కాదు. 2022 జనవరిలో జగిత్యాలలో ఆ నెపంతోనే ఒక తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ చంపేశారు. 'విరూపాక్ష' వచ్చింది ఆ తర్వాతే, కనుక నేరాన్ని సినిమా నెత్తిన రుద్దను. ఆ భయం సినిమాకంటే ముసలిది. కానీ ఆ భయాన్ని సినిమా సొమ్ము చేసుకుంటోంది: చేతబడి చుట్టూ తిరిగే 'మా ఊరి పొలిమేర' రెండు భాగాలైంది. అలాంటి సినిమాల మొదట్లో ఒక కార్డు వేస్తుంటారు చూడండి, మూఢనమ్మకాలను ప్రోత్సహించే ఉద్దేశం మాకు లేదని. ఆ అక్షరాలు కూడబలుక్కునేలోపే కార్డు మాయం. తెలుగు సినిమాలో నిజంగా మంత్రం వేసినట్టు మాయమయ్యేది అదొక్కటే.

దెయ్యం లేకపోతే భయమే ఉండదు కదా అంటారు. విక్ టాండీ అనే ఇంగ్లండు ఇంజనీరు అనుభవం వినండి. కోవెంట్రీలో ఆయన పనిచేసే ల్యాబులో రాత్రిపూట ఉన్నట్టుండి చలి, చెమటలు, ఏదో దిగులు. ఒకరాత్రి కంటి కొసన బూడిదరంగు ఆకారం మెదిలింది. తల తిప్పితే లేదు. మర్నాడు కత్తిసాము పోటీకని తన కత్తిని బాగుచేసుకుందామని బిగింపులో పెడితే, ఎవరూ తాకకుండానే కత్తి మొన వణకడం మొదలెట్టింది! ఇది మన సినిమాలో అయితే ఇంటర్వెల్. టాండీ మాత్రం కత్తిని గదిలో అటూ ఇటూ జరిపి ఎక్కడ ఎక్కువ వణుకుతోందో చూశాడు. కొత్తగా బిగించిన ఎగ్జాస్ట్ ఫ్యాను దొరికింది. సెకనుకు దాదాపు 19 కంపనాల శబ్దం దానిది, మన చెవికి అందనంత మంద్రం. ఫ్యాను సంగతి చూశాక దెయ్యం మళ్లీ రాలేదు. ఆయనా మ్యూట్ నొక్కాడన్నమాట. 1998లో దీన్ని వ్యాసంగా అచ్చువేశారు. తర్వాతి ప్రయోగాలన్నీ ఆ వివరణకు వత్తాసు పలకలేదు, అది కూడా చెప్పాలి. అనుమానించే పద్ధతిలో ఉన్న అందమే అది. మూడొంతులు భయపెట్టి చివర ఫ్యాను చూపించే ధైర్యం మన దర్శకుల్లో ఎవరికుంటుందా అని ఎదురుచూస్తున్నాను.

సైన్స్ ఫిక్షన్‌కు వస్తే, 1991లోనే సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో టైమ్ మెషీన్‌ను దేవుడి ప్రమేయం లేకుండా నడిపించారు. ఒక ప్రొఫెసరు కట్టాడు, అది మొరాయించింది, మనుషులు తంటాలు పడ్డారు. 2022 నాటి 'ఒకే ఒక జీవితం' ఇంకో మెట్టెక్కింది. కాలంలో వెనక్కి పోయిన కొడుకు తల్లి చావును ఆపలేడు. ఏ మొక్కూ ఆ నియమాన్ని సడలించదు. థియేటర్లో నా పక్కాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. నాకు కళ్లద్దాలు లేవు.

'కల్కి 2898 ఏడీ'లో ఎండిపోయిన గంగ, నీళ్లన్నీ మింగి కూర్చున్న కాంప్లెక్స్, గర్భాలు దోచే యాస్కిన్ చూసి కుర్చీ అంచుకు వచ్చాను. ఇంత పదునైన ప్రశ్న వేసి, జవాబును పుట్టబోయే అవతారానికి వదిలేశారు. లెక్కలో చిన్న తమాషా కూడా ఉంది. సంప్రదాయం ప్రకారం కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైంది. దానికి 2898 కలిపితే దాదాపు 6000 ఏళ్లు. కానీ కలియుగం పొడవు 4,32,000 ఏళ్లని చెప్పేదీ ఆ సంప్రదాయమే. అంటే కల్కిని దాదాపు 4,26,000 ఏళ్లు ముందే పిలిచేశారు. సినిమావాళ్ల ముహూర్తాల తొందర తెలిసిందే కదా. టైమ్ మెషీన్ మీద సినిమా తీసినా మొదటి షాటుకు రాహుకాలం చూసుకోవాల్సిందే, చివరి రోజున గుమ్మడికాయ కొట్టాల్సిందే.

ఆరోజు మ్యూట్‌లో 'విరూపాక్ష' రెండు నిమిషాలకు మించి నడవలేదు. పిల్ల నవ్వాపుకుని కాసేపు తెరకేసి చూసింది, ఆవులించింది, నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది.

"సౌండ్ పెట్టేస్తున్నా బాబాయ్, అస్సలు భయమెయ్యట్లేదు" అని దిండు మళ్లీ మొహానికి అడ్డం పెట్టుకుంది.