వాడుక, వాసన

నూఱేండ్ల క్రిందట ఆంగ్లములోనికి తేబడిన ఫ్రెంచి నవలలను చదువువారికి 'వోంట్' అను నొక పాతమాట తఱచుగా ఎదురగుచుండును. ఒక పెద్దమనిషి తన 'వోంట్' చొప్పున సాయంకాలము షికారు వెడలును. ముసలి పరిచారిక తన 'వోంట్' చొప్పున దీపము తగ్గించి పోవును. నేటి ఆంగ్లేయుల సంభాషణలో ఈ పదము దాదాపు అంతరించినది. ఇట్టి గ్రంథములను ఆంగ్లము మూలముగా తెలుగు చేయబూనినవారు అది కనబడిన ప్రతిచోటను 'అలవాటు' అని వ్రాసి సాగిపోవుట నాకు సమ్మతము కాదు.

ఏలయన, మూలమున అక్కడ పెక్కుసార్లు అట్టి నామవాచకమే యుండదు, ఉండునది క్రియారూపము. గడచిన కాలమున మరల మరల జరుగుచుండిన పనిని ఫ్రెంచివారు క్రియాంతముతోనే తెలుపుదురు. 1857లో పుస్తకరూపమున వెలువడిన ఫ్లోబేరు నవల 'మదామ్ బొవారీ' యందు నాయిక ఎమ్మా దినములు ఒకదానివలె నొకటి దొర్లిపోవుట యంతయు ఆ క్రియారూపముననే నడచినది. ఫ్లోబేరు దానిని ప్రయోగించిన తీరును మెచ్చుకొనుచు 1920లో నవలాకారుడు మార్సెల్ ప్రూస్తు ఒక వ్యాసమే వ్రాసెను. ఆ నవలను 1886లో ఆంగ్లీకరించిన ఎలినార్ మార్క్స్ వంటివారికి స్వభాషలో అట్టి ఏకరూపము లేకపోయినందున ఆనాటి అనువాదకులు సహాయక్రియలను, 'వోంట్' వంటి మాటలను ఆశ్రయింపవలసివచ్చెను. మనకా కొఱత యెక్కడిది? 'పోవుచుండును', 'పోయెడివాడు' అన్నచో చాలును. ఎమ్మా కథ అచ్చయిన మఱుసటి యేటనే, 1858లో, వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున 'తద్ధర్మము' అను సంజ్ఞయే కలదు. పని కర్తకు స్వభావమై యుండుట దాని భావము. క్రియయే చెప్పగలిగిన దానికి మఱల నొక నామమును తగిలించుట వాక్యమునకు బరువు.

నామము నిజముగా నిలిచియున్నచోటు వేఱు. 1913లో తొలి సంపుటము వెలువడిన ప్రూస్తు మహానవలలో అలవాటు ఇంచుమించు ఒక పాత్ర. క్రొత్త గదిలో నిద్రపట్టని బాలునికి ఆ గోడలను, ఆ ఎత్తైన కప్పును మెల్లమెల్లగా మచ్చిక చేయునది అదియే. కోంబ్రే యను ఊరిలో పిల్లవానిని వినోదపఱచుటకై దీపముపై అమర్చిన బొమ్మలలాంతరు గోడలపై రంగులు చిమ్మినంతనే, ఎఱిగిన గదియే పరాయిదై వాని గుండె బరువెక్కును. అక్కడ అలవాటన నివాసమే.

ఈ సంబంధము పదములలోనే దాగియుండుట నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నది. ఫ్రెంచి 'అబిత్యూద్' నివసించుటను తెలుపు క్రియకు దగ్గఱి చుట్టము; 'వోంట్' ప్రాచీనాంగ్లమున నివసించుట అను అర్థముగల ధాతువునుండియే పుట్టినది. మన పెద్దలు 'వాసన' అను శబ్దమును వసించుట అను అర్థముగల ధాతువునుండి సాధించి, చిత్తమున నిలిచిపోయిన సంస్కారమునకు పేరిడిరి. 'పూర్వజన్మ వాసన' అనని తెలుగిల్లు కలదా? ప్రూస్తు చెప్పు అలవాటునకు తెలుగున ఈ మాటయే తగును. ముక్కునకు తగులు వాసనయే పాఠకునికి ముందు స్ఫురించునని కొందఱు ఆక్షేపింపవచ్చును. స్ఫురింపనిండు! టీలో నానిన చిన్న కేకుముక్క రుచి, వాసన కలిసియే కదా ఆ నవలలో మఱచిన ఊరినంతటిని లేపి నిలిపినవి. అలవాటు జ్ఞాపకమును మొద్దుబార్చునని ప్రూస్తు తలంచుట సత్యమే; కావున నేను 'వాసన' అను మాటను అంతటను వాడుమనను, గదిని గూర్చిన ఆ పుటలకు మాత్రము కోరుదును.

నిత్యకృత్యములకు 'వాడుక' యున్నది. పాలమనిషి ప్రతి ఉదయము తప్పక పోయు పాలను వాడుకపాలు అనుచున్నాము. పొద్దు, గిన్నె, పలకరింపు అన్నియు ఆ మాటలో నిమిడియున్నవి. కోంబ్రేలో శనివారము వంటమనిషి ఫ్రాన్స్వాజ్ మధ్యాహ్నము సంతకు పోవలసియుండుటచే ఇంటిల్లిపాదియు ఒక గంట ముందుగా భోజనమునకు కూర్చుందురు. ఆ సంగతి యెఱుగని అతిథి వచ్చి, అప్పుడే విస్తళ్లముందున్న వారిని చూచి విస్తుపోవును. దానిని తలచుకొని వారు వారము వారము నవ్వుకొందురు. ఆ నవ్వును తెలుగు చేయువాడు 'శనివారపు అలవాటు' అని వ్రాసినచో అది ఒక్క మనిషిదగును. 'శనివారపు వాడుక' అన్నచో ఇంటిదగును.