కొందరి కథ - అందరికి నింద

న్యూయార్కు నగరమున 1979 వేసవిలో ఒక చలనచిత్రమునకు చిత్రీకరణ జరుగుచుండగా, వీథిలో గుమిగూడిన జనులు ఈలలూది, కేకలువేసి పనికి భంగము కలిగించిరి. చిత్రము పేరు 'క్రూయిజింగ్'. దర్శకుడు విలియమ్ ఫ్రీడ్‌కిన్. అడ్డుపడినవారు ఆ నగరమందలి స్వలింగ ప్రియులు. 1980 ఫిబ్రవరిలో విడుదలయిన ఆ చిత్రమును గూర్చిన తగవు నేటికిని ఆలోచింపదగినది.

కథకు మూలము 1970లో వెలువడిన జెరాల్డ్ వాకర్ నవల. స్వలింగ ప్రియులను వరుసగా చంపుచున్న హంతకుని పట్టుటకై ఒక యువ పోలీసు, వారిలో ఒకడుగా నటించుచు, నల్లని తోలుదుస్తులవారు రాత్రులందు చేరు మద్యశాలలలో ప్రవేశించును. ఆ పాత్రను ధరించినవాడు ఆల్ పసీనో. తుదకు ఆ పోలీసే హంతకుడాయెనా యను అనుమానము ప్రేక్షకునకు మిగులును.

పాత్రికేయుడు ఆర్థర్ బెల్ ఈ చిత్రమును ప్రతిఘటింపుడని 'విలేజ్ వాయిస్' పత్రికలో పిలుపునిచ్చెను. ఆ దశకమున న్యూయార్కులో స్వలింగ ప్రియుల హత్యలు నిజముగనే జరిగినవి. ఉద్యోగమునందును, గృహవసతియందును వారికి రక్షణ నొసగు నగరశాసనము 1986 వరకు రాలేదు. అట్టి స్థితిలో, వారి జీవనమునకును హింసకును ముడివేయు కథ మరికొందరిని వారిపై పురికొల్పునని నిరసనకారులు భయపడిరి. చిత్రీకరణ అనుమతిని రద్దుచేయుడని కోరగా నగరపాలకులు నిరాకరించిరి. తాము చూపినది ఆ లోకములో చిన్న భాగమే యని నిర్మాతలు చిత్రారంభమున ఒక ప్రకటన చేర్చిరి.

చిక్కంతయు ఆ ప్రకటనలోనే యున్నది. ఒక పోలీసును హంతకునిగా చూపినంతమాత్రమున పోలీసులందరికిని కళంకము రాదు. ఏలయన మంచి పోలీసులను చూపు చిత్రములు వందలు కలవు. స్వలింగ ప్రియుల నిత్యజీవితమును చూపు చిత్రములు నాటి హాలీవుడ్‌లో బహు అరుదు. కావుననే కొందరి కథ అందరికి నింద యయ్యెను. ఆ కొరత ఒక ప్రకటనతో తీరునది కాదు, నిషేధముతోను తీరునది కాదు. ఇతర కథలు రావలసియుండెను.

ఆ మద్యశాలలకు వచ్చువారు పలువురు ఆ చిత్రములో స్వయముగా కనిపించిరి. 1981లో ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన తొలి నివేదిక వెలువడెను. పిమ్మట న్యూయార్కులో వేలాది స్వలింగ ప్రియులు మరణించిరి. నేడు కొందరు విమర్శకులు ఆ చిత్రమును అంతరించిన లోకమునకు సాక్ష్యముగా చూచుచున్నారు. వేరు కథలు చుట్టును చేరిన పిమ్మటనే ఇట్టి చూపు సాధ్యమయ్యెను. అంతమాత్రమున నాటి భయము అకారణమని చెప్పరాదు. పాఠ్యపుస్తకమున ఒక జనసమూహమును గూర్చి ఒక్క పాఠమే యున్నపుడు, లేని పాఠములను గూర్చి విద్యార్థి ప్రశ్నింపవలెను. ఉపాధ్యాయుడు ఆ ప్రశ్నకు తావీయవలెను.